సిగరెట్ ప్యాక్ వెంట నడిచే డబ్బు

అమెరికాలో గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక షిఫ్టులు చేసే మనవాళ్లను దెబ్బ తీసేది ఎక్కువగా తేదీ. 2026 జూన్‌లో ఒక కుర్రాడు వేప్ (ఈ-సిగరెట్) అడిగాడనుకుందాం. ఐడీ అడిగితే తడబడకుండా ఇస్తాడు, అది అసలైనదే. పుట్టిన తేదీ 11/04/2005. మన కన్ను అలవాటు కొద్దీ దాన్ని ఏప్రిల్ 11 అని చదివేస్తుంది, 21 నిండాయి కదా అని అమ్మేస్తాం. అక్కడ నెల ముందు, తేదీ తర్వాత. అది నవంబరు 4, ఇంకా అయిదు నెలలు తక్కువ. కుర్రాడు ఏమీ అనకుండా వెళ్లిపోతాడు. తర్వాతెప్పుడో ఓనర్ పేరిట ఉత్తరం వస్తుంది.

ఆ కుర్రాడు మనల్ని పరీక్షించడానికి అధికారులు పంపినవాడు. అది ఎఫ్‌డీఏ (కేంద్ర ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) తనిఖీ అయితే మొదటిసారి హెచ్చరిక లేఖతో పోతుంది, మళ్లీ దొరికితే జరిమానా షాపు మీద పడుతుంది. రాష్ట్రమో, సిటీయో చేసిన తనిఖీ అయితే చాలాచోట్ల టికెట్ అమ్మినవాడి పేరు మీదే రాస్తారు. చిన్న ఫైన్ కట్టేసి మరిచిపోదామంటే కుదరదు. పౌరసత్వ దరఖాస్తులో ఇలాంటి టికెట్ల (సైటేషన్ల) గురించి కూడా అడుగుతారు, ఆ కాగితం దాచుకోవాలి. 2019 డిసెంబరు నుంచి దేశమంతా కనీస వయసు 21. 2024 సెప్టెంబరు 30 నుంచి, 30 ఏళ్లు నిండని ఎవరికైనా ఫొటో ఐడీ చూడకుండా అమ్మకూడదు. చాలా రాష్ట్రాల్లో 21 నిండనివాళ్ల లైసెన్సు నిలువుగా ఉంటుంది. నిలువు కార్డు కనబడితే మనసులో లెక్కలు మాని స్కానర్‌కే వదిలెయ్యడం మేలు.

ఈ కుర్రాణ్ని పంపేది బడిలోని పొగాకు వ్యతిరేక క్లబ్బే అని చాలామంది అనుకుంటారు. కాదు. ఈ తనిఖీలకు మూలం 1992 నాటి కేంద్ర చట్టం, సైనర్ సవరణ. మైనర్లకు అమ్మకాలు ఆపుతున్నామని రాష్ట్రాలు ఇలా పరీక్షించి చూపించాలి, లేకపోతే వ్యసన చికిత్సకు వచ్చే కేంద్ర నిధులకు కోత పడే ప్రమాదం ఉంది. క్లబ్బుల డబ్బు దారి వేరు. విచిత్రమేమిటంటే అందులో పెద్ద వాటా మన కౌంటర్ మీద అమ్ముడైన ప్యాకుల నుంచే బయల్దేరింది.

1998 నవంబరు 23న 46 రాష్ట్రాలు పొగాకు జబ్బుల వైద్యఖర్చుల మీద వేసిన దావాలకు రాజీగా నాలుగు పెద్ద సిగరెట్ కంపెనీలతో ఒప్పందం చేసుకున్నాయి. కంపెనీలు రాష్ట్రాలకు కట్టేది తొలి 25 ఏళ్లకు అంచనా సుమారు 20,600 కోట్ల డాలర్లు. ఏటా కట్టే మొత్తం ఎన్ని సిగరెట్లు అమ్మారన్న దాన్ని బట్టి మారుతుంది. జనం సిగరెట్లు మానేసేకొద్దీ మానిపించే నిధీ సన్నబడుతుంది. పైగా ఆ డబ్బు దీనికే ఖర్చు పెట్టాలన్న షరతు రాష్ట్రాల మీద లేదు. రోడ్లకు వాడినవాళ్లున్నారు, రాబోయే ఏళ్ల వాయిదాలను బాండ్లుగా ముందే అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు.

ఫ్లోరిడా కథ చూస్తే చాలు. ఆ రాష్ట్రం 1997లోనే విడిగా రాజీపడి, అందులో 20 కోట్ల డాలర్లు పిల్లల కార్యక్రమానికి కేటాయించింది. 1998లో 'ట్రూత్' ప్రచారం, 'స్వాట్' అనే విద్యార్థి దళం మొదలయ్యాయి. పొగ తాగకండని నీతులు చెప్పకుండా, కంపెనీలు మిమ్మల్ని ఎలా బుట్టలో వేసుకుంటున్నాయో చూడండి అన్నారు. రెండేళ్లలో మిడిల్ స్కూల్ పిల్లల్లో సిగరెట్ తాగేవాళ్లు 18.5 శాతం నుంచి 11.1 శాతానికి దిగారు. ఇంత ఫలితం చూశాక ఎవరైనా నిధులు పెంచుతారు. శాసనసభ మాత్రం కోసుకుంటూ వచ్చి 2003లో 10 లక్షల డాలర్లు మిగిల్చింది. చివరికి 2006లో ఓటర్లే రాజ్యాంగ సవరణతో ఒక వాటాను ఈ పనికే కట్టిపడేశారు.

జాతీయ స్థాయిలో అదే 'ట్రూత్' పేరుతో 2000లో ప్రచారం నడిపిన, ఆ 1998 ఒప్పందం డబ్బుతో పుట్టిన లెగసీ ఫౌండేషన్‌కూ ఇలాంటి మెలికే తగిలింది. 2003 తర్వాత పెద్ద చెల్లింపులు సాగాలంటే ఒప్పందంలో ఉన్న కంపెనీల మార్కెట్ వాటా కనీసం 99.05 శాతం ఉండాలి. బయటి చవక బ్రాండ్లు వచ్చి అది తగ్గింది, చెల్లింపులు ఆగాయి. వేప్‌లు ఆ ఒప్పందంలోకే రావు. ఆ లోటును కొంతవరకు వేప్‌లు అమ్మే జూల్ కంపెనీతో 2022, 2023లో రాష్ట్రాలు చేసుకున్న రాజీలు పూడ్చాయి.

మీ అమ్మాయో అబ్బాయో ఇలాంటి దళంలో చేరతానంటే, వాళ్ల గ్రాంట్ ఎప్పటివరకో ముందు కనుక్కోండి. చాలా రాష్ట్రాల్లో బడ్జెట్ ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. రెన్యూ కాకపోతే కోఆర్డినేటర్ ఉద్యోగం పోతుంది, పిల్లలు చేసిన పనికి వాలంటీర్ గంటల లెటర్ మీద సంతకం పెట్టేవాళ్లు ఉండరు. ఆ లెటర్ మే నెలలోనే తీసుకోవాలి. ప్రభుత్వ డబ్బుతో నడిచే దళం పేరు మీద ఫలానా బిల్లుకు ఓటెయ్యండని శాసనసభ్యులను అడగడం కూడా చాలావరకు నిషిద్ధం. పొగాకు వల్ల ఏం జరుగుతుందో చెప్పొచ్చు, బిల్లు నంబరు ఎత్తకూడదు. మామూలు పౌరులుగా, సొంత సమయంలో రాసుకుంటే అభ్యంతరం లేదు.

ఆ పిల్లలు ఒక్కోసారి మన షాపుకీ వస్తారు, చేతిలో ఒక ఫారం పట్టుకుని. సిగరెట్ ప్రకటనలు ఎన్ని, చిన్నపిల్లల కంటి ఎత్తులో ఎన్ని, చాక్లెట్ల పక్కన వేప్‌లు పెట్టారా అని లెక్క రాసుకుంటారు. అది తనిఖీ కాదు, వాళ్లకు జరిమానా వేసే అధికారం లేదు. ఓనర్ వద్దంటే బయటికి వెళ్లిపోవాల్సిందే. కంగారుపడి వాళ్ల ముందు పోస్టర్లు పీకెయ్యక్కర్లేదు.