ఏమీ చేయకుండానే తగ్గిందట

నాకు పీసీఓఎస్ ఉంది, హార్మోన్లు అదుపు తప్పి నెలసరి గాడి తప్పే సమస్య. అందుకే షుగర్ చూసుకోవడానికి ఈ రోజు రెండు గంటల గ్లూకోజ్ పరీక్ష చేయించుకున్నాను. రాత్రి భోజనమయ్యాక మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లాను. పరగడుపున ఒకసారి రక్తం తీసుకుని, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు చేతికిచ్చారు. ఐదు నిమిషాల్లో తాగేయాలి. మొదట బాగానే ఉంటుంది గానీ చివరి గుక్కలు గొంతు దిగవు. ఊపిరి బిగబట్టి దించేసి, వికారం సర్దుకునేదాకా గోడకి ఆనుకుని కూర్చున్నాను. రెండు గంటలయ్యాక మళ్లీ రక్తం తీస్తారు, అప్పటిదాకా అటూ ఇటూ తిరగకూడదు. నడిస్తే కండరాలు చక్కెరను లాగేసుకుంటాయి, లెక్క మారిపోతుంది.

పరగడుపు అవసరం లేకుండా ఒక్క సూదిపోటుతో అయిపోయే, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. నాకు నెలసరిలో రక్తం ఎక్కువ పోయి ఐరన్ తక్కువగా ఉంది. ఐరన్ లోపం ఉంటే ఆ పరీక్షలో అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపించవచ్చు, ఈ మధ్యే బాగా రక్తం పోయి ఉంటే తగ్గి కనిపించవచ్చు. పోనీ పరగడుపు షుగర్ ఒక్కటే చూద్దామంటే, పీసీఓఎస్ ఉన్నవాళ్లలో తిన్న తర్వాతి షుగరే ముందు అదుపు తప్పడం మామూలు. అందుకే 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు ఈ రెండు గంటల పరీక్షకే మొగ్గు చూపాయి. పీసీఓఎస్ అని తేలినప్పుడే షుగర్ చూడాలి, తర్వాత ఏడాది నుంచి మూడేళ్లలోపు మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి, మనిషి సన్నమా లావా అన్నదానితో సంబంధం లేదు. ఈ చివరి మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు. సన్నగా ఉన్నందుకే పరీక్ష రాయించుకోకుండా తిరిగొచ్చిన అమ్మాయిలు నాకు తెలుసు.

నా పక్క కుర్చీలో ఒక అమ్మాయి, వాళ్లమ్మ. కాలేజీ పిల్లలా ఉంది. వాళ్లమ్మ తడి చేతిరుమాలుతో పిల్ల మెడ వెనక రుద్దుతోంది, "ఎన్నిసార్లు చెప్పినా సరిగా రుద్దుకోవు కదే" అంటూ. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. మెడ మడతల్లో నల్లగా, ముఖమల్ గుడ్డలా మందంగా ఉన్న చర్మం, అక్కడక్కడా చిన్న పులిపిర్లు. చూడగానే తెలిసిపోయింది. ఊరుకోలేకపోయాను. "అది మురికి కాదండీ, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం అలా అవుతుంది. ఈ పిల్లకి నెలసరి సరిగా వస్తోందా?" అన్నాను. ఆవిడ చేయి ఆగిపోయింది. నెలలు నెలలు రాదట, అందుకే తీసుకొచ్చారట. మెడ సంగతి కూడా డాక్టర్‌కి చూపించమన్నాను. ఆ పిల్ల తలెత్తి నావైపు చూసింది. నాకు ఆ వయసులో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఒక్క పిలుపుకి పలకాల్సిన మనిషి పదిసార్లు కేకేస్తే గానీ పలకకపోతే ఎలా ఉంటుందో, ఇన్సులిన్ రెసిస్టెన్స్ అలా ఉంటుంది. కండరాలు, కాలేయం వినడం లేదని క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. కండరాలు వినకపోయినా అండాశయాలు, చర్మం మాత్రం వింటూనే ఉంటాయి. అండాశయాల్లో మగ హార్మోన్లు పెరిగి, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, రాని నెలసరి అన్నీ మొదలవుతాయి. చర్మం నల్లబడుతుంది. ఇంత జరుగుతున్నా రక్తంలో షుగర్ ఏళ్ల తరబడి మామూలుగానే ఉండొచ్చు. క్లోమం అలసిపోయిన రోజున అంకెలు పైకి వస్తాయి. కాబట్టి మెడ నలుపు అంటే షుగర్ వచ్చేసిందని కాదు, వచ్చే దారిలో ఉన్నామని.

మధ్యాహ్నానికి నా రిపోర్ట్ వచ్చింది. పరగడుపున 94, రెండు గంటలకి 152. పరగడుపున 100 లోపు మామూలే. రెండు గంటల అంకె 140 లోపు ఉండాలి, 140 నుంచి 199 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు మెట్టు, 200 గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్. పరగడుపు అంకె ఒక్కటే చూసి ఉంటే "అంతా బాగుంది" అని ఇంటికి పంపేసేవాళ్లు. దిగులుగా అనిపించింది, కాదనను. కానీ ఇక్కడినుంచి వెనక్కి రావచ్చన్నది వట్టి ఓదార్పు కాదు. అమెరికాలో చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి 150 నిమిషాల వ్యాయామం, బరువులో 7 శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతం. భోజనం తర్వాత నడక ఈ రాత్రి నుంచే మొదలుపెట్టాను.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు. సాయంత్రం పిన్ని కూతురు ఫోన్ చేసింది. దానికీ పీసీఓఎస్సే. గొంతులో ఎప్పుడూ లేని ఉత్సాహం. "అక్కా, ఏమీ చేయకుండానే తగ్గిపోతున్నానే! పాత బట్టలు పడుతున్నాయి. ఆఫీసులో అందరూ ఏం చేస్తున్నావని అడుగుతున్నారు" అంది. ఎన్నేళ్లుగా బరువు కోసం మాటలు పడుతోందో నాకు తెలుసు. నాక్కూడా ఒక్క క్షణం సంతోషమే వేసింది. ఆ వెంటనే అడిగాను, "రాత్రి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేస్తున్నావే?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. నిద్ర మధ్యలో మూడు నాలుగుసార్లు లేస్తోందట, మంచం పక్కన పెట్టుకున్న నీళ్ల సీసా తెల్లారేసరికి ఖాళీ. కంప్యూటర్ స్క్రీన్ మసకగా కనిపిస్తోందని కళ్లజోడు మార్పించుకోవాలనుకుంటోంది. కింద దురద, ఇన్‌ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. "నీరసం మాత్రం మామూలేలే అక్కా, మనకెప్పుడూ ఉండేదేగా" అంది.

నాకు భయం వేసేది సరిగ్గా ఆ మాటకే. నీరసం, తిన్న వెంటనే మళ్లీ ఆకలి, మధ్యాహ్నం ముంచుకొచ్చే నిద్ర, ఇవన్నీ మనకి ఏళ్లుగా అలవాటు. వాటి మధ్యలోకి కొత్తది వచ్చి చేరినా పాతవాటిలో కలిసిపోతుంది. అందుకే కొత్తగా ఏం మొదలైందో విడిగా చూసుకోవాలి. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేవు. అది మూత్రంలో పోతూ నీళ్లని కూడా లాక్కుపోతుంది, దానివల్లే దాహం. తిన్నది ఒంటికి పట్టక కొవ్వూ కండా కరిగిపోతాయి, దానివల్లే బరువు తగ్గడం. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా షుగర్ గుర్తే, కానీ చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో బీ12 తగ్గినా తిమ్మిర్లొస్తాయి, రెండూ చూపించుకోవాలి. దీనికి తిమ్మిర్లు లేవు, అదొక్కటే నయం.

వాళ్ల అత్తగారికి షుగర్ ఉంది, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోమన్నాను, వేలికి తీపి అంటుకుని ఉంటే అంకె తప్పుగా పెరుగుతుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పొడుచుకుంది. 268.

"ఇప్పుడేం చేయాలే అక్కా" అంది చిన్నపిల్లలా. మీటర్ అంకెతో జబ్బు ఖాయం చేయకూడదు, ల్యాబ్‌లో రక్తం ఇవ్వాలి. కానీ ఇన్ని లక్షణాలుండగా ఎప్పుడో తీరికగా వెళ్లే వ్యవహారం కాదు, రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరుండాలి. ఈ లోపల వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన శ్వాస, మగత, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలని రెండుసార్లు చెప్పాను. మరిదిగారిని ఫోన్‌లోకి పిలిచి ఆయనకీ చెప్పాను. ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగేటప్పుడు రక్తంలో పేరుకునే కీటోన్ల పరీక్ష అడగమన్నాను. పీసీఓఎస్ ఉంది కదా అని అందరూ టైప్ 2 అనే అనుకుంటారు. కానీ బరువు ఇంత వేగంగా తగ్గుతుంటే, ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే టైప్ 1 కూడా కావచ్చు, దానికి యాంటీబాడీల పరీక్ష వేరే ఉంటుంది, వైద్యం కూడా వేరు. ఆ మాట డాక్టర్‌ని తప్పకుండా అడగాలి. కంగారులో మర్చిపోతుందని అన్నీ మెసేజ్‌లో రాసి పంపాను. పొద్దున ఎనిమిదింటికి నేనూ అక్కడే ఉంటాను.