వాలీబాల్ సెలెక్షన్స్: ఆడిన చెయ్యి ఎక్కడ తెలిసిపోతుంది (నా అనుభవం)

మండలం, జోన్ దాటి ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా స్థాయి దాకా స్కూల్ పిల్లల్ని సెలెక్షన్స్‌కు తీసుకెళ్తుంటాను. పిల్లలందరికీ ఒకటే ఆలోచన, షాట్ గట్టిగా కొడితే తీసుకుంటారని. ఇదివరకు ఆడారా లేదా అన్నది షాట్ దాకా రాకముందే తెలిసిపోతుంది.

ముందు కాగితాలు. బోనఫైడ్, ఆధార్ జిరాక్స్, పాస్‌పోర్ట్ ఫొటోలు, హెచ్ఎం సంతకం, స్టాంపు ఉన్న ఎంట్రీ ఫారం. బోనఫైడ్‌లో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటే ఎంత బాగా ఆడే పిల్లాడైనా టేబుల్ దగ్గరే ఆగిపోతాడు. ఈ పని వారం ముందే చూసుకోవాలి.

గ్రౌండ్‌లో మొదట ఎత్తు చూస్తారు, తర్వాత ఇద్దరిద్దర్ని నిలబెట్టి అండర్ ఆర్మ్ పాస్ ఆడిస్తారు. అసలు తేడా ఇక్కడే. కొత్తవాళ్లు రెండు చేతులూ ముందే కట్టేసుకుని బాల్ వైపు పరుగెత్తుతారు. చేతులు కట్టుకుంటే కాళ్లు కదలవు, అందుకే చివర్లో బాల్ కోసం వంగి పైకి ఊపుతారు. ఊపిన చేతికి తగిలిన బాల్ నెత్తి మీదుగా వెనక్కి పోతుంది. ఆడిన పిల్లలు చేతులు విడిగా పెట్టుకునే పరుగెత్తి, బాల్ కిందికి చేరాకే కలుపుతారు. మోచేతులు వంగవు, బొటనవేళ్లు రెండూ సమానంగా కిందికి ఉంటాయి, బాల్ మణికట్టుకు కొంచెం పైన, ముంజేతుల మీద పడుతుంది. వేగంగా వచ్చిన సర్వీస్‌కు చేతులు అసలు ఊపరు, భుజాలు వంచి దిశ మాత్రమే ఇస్తారు. ఇట్లా వరసగా పది బాల్స్ లిఫ్టర్ (షాట్ కొట్టేవాళ్లకు బాల్ పైకి లేపి అందించే ప్లేయర్) దగ్గరికి చేర్చిన అమ్మాయి పొట్టిగా ఉన్నా నేను ముందు ఆమె పేరే చెప్తాను.

సర్వీస్‌లో మరో గుర్తు ఉంది. సర్వీస్ బాల్ నెట్ అంచుకు తగిలి అవతల పడితే, ఊళ్లో మాత్రమే ఆడిన పిల్లలు "నెట్, నెట్" అని ఆగిపోతారు. 2000 నుంచి అది సరైన సర్వీసే. టోర్నమెంట్ ఆడినవాళ్లు ఆ బాల్ కోసం నెట్‌కు 3 మీటర్ల దూరంలో ఉండే లైన్ దాటి ముందుకు దూకుతారు. సర్వీస్ చేసేవాళ్ల విషయానికొస్తే, విజిల్ పడ్డాక 8 సెకన్ల టైమ్ ఉంది. కొత్తవాళ్లు విజిల్‌తో పాటే కొట్టేస్తారు. తప్పు ఎక్కువగా కొట్టడంలో ఉండదు, ఎగరేయడంలో ఉంటుంది. బాల్ ఒకసారి తల వెనక్కి, ఒకసారి పక్కకు పోతుంటే చెయ్యి ఎంత బలంగా ఉన్నా లాభం లేదు. జంప్ సర్వీస్ రెండు నెట్‌కు కొట్టే కన్నా అండర్ ఆర్మ్ సర్వీస్ నాలుగూ లోపల వేసినవాళ్లకే మార్కు.

ఇక షాట్. కుడిచేతి వాటం వాళ్లకు అడుగులు ఎడమ, కుడి, ఎడమ. చివరి రెండూ దగ్గరగా, త్వరగా పడాలి. లిఫ్టర్ చేతికి బాల్ రాగానే పరుగు తీస్తే బాల్ కిందికి ముందే చేరిపోయి, తల వెనక ఉన్న బాల్‌ను కొట్టాల్సి వస్తుంది; అది బయటికి పోతుంది. లిఫ్ట్ ఎటు పోతుందో చూసుకుని కదలాలి. ఊళ్లో మొరం గ్రౌండ్‌లో గుంజలకు కట్టిన నెట్ నడుమ జారి ఉంటుంది. దాని మీద అలవాటైన టైమింగ్ ఇక్కడ పనిచేయదు. పెద్దల కొలతల్లో నెట్ మగవాళ్లకు 2.43, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. మీ వయసు గ్రూపుకు ఎంత కడతారో పీఈటీ సార్‌ను అడిగి, టేపుతో కొలిచి, అదే ఎత్తులో ప్రాక్టీస్ చేయాలి.

చివరికి ఆరుగురు చొప్పున మ్యాచ్ ఆడిస్తారు. నా కళ్లు అప్పుడు బాల్ లేనివాళ్ల మీద ఉంటాయి. తోటివాడు షాట్‌కు లేచినప్పుడు, బ్లాక్ (నెట్ మీద అవతలివాళ్లు అడ్డం పెట్టిన చేతులు) తగిలి వెనక్కొచ్చే బాల్ కోసం కిందికి వంగి దగ్గరికి వచ్చేది ఎవరు? "నాది" అని గట్టిగా అరిచేది ఎవరు? సర్వీస్ గెలుచుకోగానే చెప్పకుండానే గడియారం తిరిగే వైపు స్థానం మారేది ఎవరు? ఊరి ఆటలో ఒకరే ఎప్పుడూ నడుమ నిలబడి లిఫ్ట్ చేస్తారు కాబట్టి రొటేషన్ చాలామందికి అలవాటుండదు. స్థానం తప్పితే అవతలి జట్టుకు పాయింటు, అందుకని సెలెక్టర్లు దీన్ని తేలిగ్గా వదిలిపెట్టరు.

కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు నెల రోజులే ఉంటే షాట్ పక్కన పెట్టించండి. పొద్దున గోడకు అండర్ ఆర్మ్ యాభై, సాయంత్రం కోర్టు చివరి లైన్ వెనక నుంచి సర్వీస్ ముప్పై, వారానికి మూడు రోజులు ఆరుగురితో రొటేషన్. పన్నెండు మంది జట్టులో వెనక కోర్టు కాచే పిల్లలకూ చోటుంటుంది, వాళ్లు దొరకడమే కష్టం.