పోయే ప్రాణానికి కారు కిరాయా!

నాకు వచ్చింది క్షయ. ఎక్స్‌రేలు, కఫం పరీక్షలు, మాత్రలు మొదలైన రోజు మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోవడం, ఇవన్నీ ఈ జబ్బు వచ్చిన అందరికీ ఉండేవే. నేను చెప్పదలచుకున్నది ఒక రాత్రి గురించి.

మాది కందుకూరు దగ్గర పల్లె. 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా, పెద్ద జబ్బంటే మా కాళ్లు ఒంగోలు వైపే నడిచేవి. నా దగ్గు మొదట్లో ఎవరికీ పెద్ద జబ్బనిపించలేదు. "పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేస్తే దగ్గు రాదా" అని దగ్గరి డాక్టరు నవ్వి, ప్రతిసారీ ఒక ఇంజెక్షను వేసి పంపేవాడు. కఫం పరీక్ష రాయాలని ఆయనకు తోచలేదు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.

ఆ రాత్రి దగ్గుతెర వచ్చి స్టీలు గిన్నె మీదికి వంగాను. గిన్నె అడుగు ఎర్రబడింది. రెండోసారి దగ్గేసరికి అడుగు కనపడనే లేదు. మా ఆయన కారు కోసం పరుగెత్తాడు. నన్ను వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, గడపలో నిలబడి ఎవరితోనో అంది: "పోయే ప్రాణానికి ఒంగోలు దాకా కారు కిరాయి దండగ కాదూ?" గొంతైనా తగ్గించలేదు. నాకు ఊపిరి అందడం లేదు గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

కారు తోలిన కుర్రాడు డీజిలు డబ్బు కూడా తీసుకోలేదు. ఆస్పత్రిలో ఒక నర్సమ్మ తెల్లవార్లూ నా వీపుకు చెయ్యి ఆనించి కూర్చుంది. వారిద్దరినీ దేవుడు చల్లగా చూడాలి.

ఇంటికొచ్చాక అక్క నాకు కంచం, గ్లాసు వేరు చేసింది. ఈ జబ్బు గాలి ద్వారా అంటుతుంది, కంచాల వల్ల కాదు. మందులు మొదలైన కొన్ని వారాలకే అంటించే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఆశా కార్యకర్త వచ్చి చెప్పినా ఆమె చెవిన పెట్టలేదు. ఆ కంచం చూసినప్పుడల్లా కారు కిరాయి మాట గుర్తొచ్చేది. ఆమె కాలు జారి పడాలని కూడా కోరుకున్నాను.

మావి తరాల నాటి బాప్తిస్టు కుటుంబాలు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో మా వాళ్లూ ఉన్నారని నాయనమ్మ గొప్పగా చెప్పేది. అంతటి వంశంలో పుట్టి కూడా, పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే చోటికి, అంటే మాకు తప్పు చేసినవారిని క్షమించామని చెప్పే చోటికి రాగానే నోరు మూసుకునేదాన్ని. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, ఆయన మరణాన్ని తలచుకుంటూ తినే రొట్టె పళ్లెం నా ముందుకొస్తే పక్కవారికి అందించేదాన్ని.

ఒక మధ్యాహ్నం అక్క చింతపండు పిక్కలు తీస్తూ తన తల్లి సంగతి ఎత్తింది. ఆమెదీ క్షయేనట. గేదెల్ని అమ్మి, మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం దాకా తీసుకెళితే, శవాన్ని తెచ్చుకోవడానికి మళ్లీ అప్పు చేయవలసి వచ్చిందట. విని నా కోపం కొంత తగ్గింది గానీ ఆ మాట మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. ఇక దాచుకోలేక అడిగేశాను.

"నేనా? అలా అన్నానా?" అంది. నటన కాదు. నిజంగానే ఆమెకు గుర్తు లేదు.

క్షమాపణ అడిగితే ఏమనాలో నెలల తరబడి సిద్ధం చేసుకున్నాను. గుర్తే లేని మనిషి ఏమని అడుగుతుంది? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సిలువ మీద ప్రభువు, తామేం చేస్తున్నారో వీరికి తెలియదు, క్షమించు తండ్రీ అని వేడుకున్నప్పుడు కింద ఉన్నవాళ్లు ఆయన బట్టలకు చీట్లు వేసుకుంటున్నారు. ఎవరూ తల ఎత్తి మన్నించమని అడగలేదు. చిన్నప్పటి నుంచీ వింటున్న వాక్యమే, నా మీదికి వచ్చేదాకా అంత కష్టమైనదని తెలియలేదు.

తర్వాతి ఆదివారం ప్రార్థన మొత్తం పలికాను. మనసేమీ తేలికపడలేదు. అయినా పలికాను, రొట్టె తీసుకున్నాను. ఇప్పటికీ కొన్ని ఆదివారాలు ఆ వాక్యం పళ్ల బిగువున బయటికొస్తుంది.

కోర్సు ముగిశాక, ద్వేషం పోయింది కాబట్టే రోగం పోయిందని సాక్ష్యం చెప్పమన్నారు సంఘంలో. ఒప్పుకోలేదు. ద్వేషం నిండా ఉన్న రోజుల్లోనే నా కఫం పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. లేచి నిలబడి దేవునికి స్తోత్రం చెప్పాను. రెండు వారాలు దగ్గు ఆగకపోతే కఫం పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు, ఒళ్లు తేలికపడిందని మాత్రలు మధ్యలో మానకండి అని చెప్పి కూర్చున్నాను. పాస్టరుగారికి అంతగా నచ్చినట్టు లేదు.