నాలుగూ ఆరూ ఎక్కడ కలిశాయి

శనివారం, రాత్రి

ఇవాళ ఆరో తరగతికి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు సంఖ్యల ఎక్కాల్లోనూ వచ్చే అతి చిన్న సంఖ్య) పాఠం నేను చెప్పలేదు. తప్పెటగుళ్ళ గురువుగారు చెప్పారు. తప్పెటగుళ్ళంటే మా ఉత్తరాంధ్రలో తప్పెట వాయిస్తూ ఆడే జానపద నృత్యం.

పది రోజులుగా బండి ఇక్కడే ఆగిపోయింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్లలు రెండూ చదువుతారు. చదివి, ఇచ్చిన రెండు సంఖ్యల్నీ గుణించేసి నోటుబుక్కు నా ముందు పెడతారు. 3, 4 అయితే 12, సరిపోతుంది. 4, 6 అయితే 24 అంటారు. తప్పని చెబితే దిద్దుకుంటారు కానీ ఎందుకు తప్పో తెలీదు. మర్నాడు మళ్లీ అదే.

గురువుగారిది పక్క ఊరే, గొర్రెలు కాస్తారు. మందని తమ్ముడి కొడుక్కి అప్పజెప్పి, ఇద్దరు కుర్రాళ్లని వెంటబెట్టుకుని తొమ్మిదింటికే వచ్చేశారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నా మనసు చివుక్కుమంది. "ఇవాళ మీరే మాకు మాస్టారండీ" అని బతిమాలితే అప్పుడు కూర్చున్నారు.

వేపచెట్టు కింద పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ప్రతి నాలుగో అడుగుకీ గట్టిగా నేల తన్నాలి, రెండో జట్టు ప్రతి ఆరో అడుగుకీ. ఆయన రేకు తప్పెటని గుండెకి ఆనించుకుని రెండు అరచేతులతో దరువు అందుకున్నారు. కాళ్ల గజ్జెలు తోడయ్యాయి. మొదట అంతా గందరగోళమే. కాసేపటికి అడుగు కుదిరింది. ఉన్నట్టుండి రెండు జట్ల కాళ్లూ ఒక్కసారే పడ్డాయి, దుమ్ము లేచింది.

"మేడమ్, పన్నెండుకే కలిసిపోనాయి!"

అరిచింది ఎవరనుకున్నాను! జూన్ నుంచి నా క్లాసులో నోరు విప్పని పిల్ల. మళ్లీ ఆడించాం. పన్నెండు దగ్గర కలిశాయి, ఆగకుండా ఆడితే ఇరవైనాలుగు దగ్గర ఇంకోసారి. ఇన్నాళ్లూ వాళ్లు రాసిన 24 కూడా కలిసే చోటే, కాకపోతే రెండోసారి. 'కనిష్ఠ' అంటే మొదట కలిసే చోటని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! ఇవాళ వాళ్ల కాళ్లే చెప్పాయి.

అంత బేగి ఎందుకు కలిశాయని ఆ పిల్లే అడిగింది. గురువుగారు తడుముకోలేదు.

"గొర్రెల్ని జతలుగా లెక్కెడతాం సూడమ్మా, అలగే. నాలుగంటే రెండు జతలు, ఆరంటే మూడు జతలు. రెండిట్లోనూ జతలే ఉన్నాయి, అందుకే బేగి కలిసిపోతాయి."

ఉమ్మడి కారణాంకం! నేను బీఈడీలో చదివినప్పుడు కూడా ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. 6, 9 ఇచ్చి చూశాను. "ఇయి మూడేసి" అని పిల్లలే అన్నారు, 18 దగ్గర తన్నారు. 5, 7కి మాత్రం చెమటలు పట్టాయి. రెండుసార్లు తాళం తప్పింది. మూడోసారి ఆయాసపడుతూ 35 దాకా లాక్కొచ్చారు.

కళల్ని చదువుతో కలపాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. శిక్షణల్లోనూ విన్నాను. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టుకున్నాం. ఇంత దగ్గరున్న మా పల్లెల్లో మాత్రం తప్పెట బడి గేటు దాటేది పంద్రాగస్టుకో, ఎవరైనా పెద్దవాళ్లొస్తే స్వాగతానికో. ఆడించి, టీ ఇచ్చి పంపేస్తాం. ఆ చేతుల్లో ఏం లెక్క ఉందో ఎన్నడూ అడగలేదు. నేనూ పదకొండేళ్లుగా అడగలేదు. ఇవాళ అది గుర్తొచ్చినప్పుడల్లా బాధగానే ఉంది.

పిల్లలతో పాటు బంతిలో కూర్చుని అన్నం తిన్నారు ముగ్గురూ. గుడ్డు తనకొద్దని పక్కనున్న పిల్లాడి కంచంలో వేశారు గురువుగారు. మేమంతా తలాకొంత వేసుకుని ఇచ్చిన కవరు విప్పకుండానే జేబులో పెట్టుకున్నారు.

వెళ్లబోతూ ఆగి, "ఆ కసాగు అన్న మాట కాయితమ్మీద రాసియ్యండమ్మా. మా జట్టు గుంటలకి సూపిత్తాను" అన్నారు. పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. మడత పెట్టి, కవరున్న జేబులో కాకుండా తలపాగా మడతలో దోపుకున్నారు.