చివరిసారి బాగున్నది ఎప్పుడు?

లండన్‌లో ఒక పక్షవాతం వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. అంబులెన్సు దారిలో ఉండగానే మాకు ఫోను వస్తుంది. వయసెంత, ఏ పక్క పడిపోయింది, చివరిసారి బాగున్నది ఎప్పుడు. రోగి తలుపు దాటేసరికి స్కానింగు బల్ల ఖాళీగా ఉండాలి.

మొదట్లో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. 999కి ఫోను చేసినవారి వీధిలోనే ఆసుపత్రి ఉన్నా, అంబులెన్సు దాన్ని దాటుకుని మా దగ్గరికి వస్తుంది. మూతి, చేయి, మాట ఇంట్లోనే పరీక్షించి ఎక్కడికి పోవాలో సిబ్బందే తేలుస్తారు. 2010కి ముందు ఈ నగరంలో 30 దాకా ఆసుపత్రులు పక్షవాతం రోగులను చేర్చుకునేవి. ఆ ఏడాది తొలి మూడు రోజుల వైద్యాన్ని 8 ఆసుపత్రులకే పరిమితం చేశారు. అర్ధరాత్రి స్కాన్ తీసి చూసేవారు లేనిచోట మంచం దొరికి ఏం లాభం? మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు, చివరిసారి బాగున్నప్పటి నుంచి మామూలుగా నాలుగున్నర గంటలు. గడ్డ కాక మెదడులో రక్తస్రావమై ఉంటే ఆ ఇంజెక్షనే ప్రాణం తీయవచ్చు. అందుకే స్కాన్ చూడనిదే సూది వేయరు.

మా ఊరు తాడిపత్రి దగ్గర. పోయిన చలికాలం నైట్ డ్యూటీకి బయలుదేరుతుంటే తమ్ముడి ఫోను. అక్కడ రాత్రి ఒంటిగంట.

"అక్కా, నాయన మూతి వంకరపోయింది. ఎడమ చేయి లేవడం లేదు. ఇక్కడే నర్సింగ్ హోముకు పోతున్నాం."

"ఈ వేళప్పుడు స్కాన్ తీస్తారా?"

"డాక్టరు మంచివాడట."

వెనక మామ గొంతు: పెద్ద ఆసుపత్రి కావాలంటే బెంగళూరే. రెండు వందల కిలోమీటర్లకు పైమాట, మందు గడువు దారిలోనే తీరిపోతుంది. అమ్మ గ్లాసుతో నీళ్లు పట్టిస్తోందట. మింగుడు సరిగా లేకపోతే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, వద్దని అరిచాను.

"చివరిసారి బాగున్నది ఎప్పుడమ్మా?"

"తొమ్మిదికే పడుకున్నాడు."

అదే లెక్కయితే మిగిలింది అరగంట. కాసేపటికి అమ్మే గుర్తుచేసుకుంది: పదకొండున్నరకు కరెంటు వచ్చిందని లేచి, తోటలో మోటారు వేసి వచ్చాడట. ఇంకో రెండున్నర గంటలు చేజిక్కాయి.

తమ్ముడిని 108కి ఫోను చేయమని, అనంతపురంలో పనిచేస్తున్న నా క్లాస్‌మేటును నిద్రలేపాను. స్కాన్ నడుస్తోందా, డ్యూటీలో ఎవరున్నారు, ఇంజెక్షన్ ఉందా? పది నిమిషాల్లో ఒక ఆసుపత్రి పేరు చెప్పింది. నాకు ఆ అమ్మాయి ఉంది. పక్క వీధిలో ఇలాగే పడిపోయిన మనిషికి ఎవరున్నారు?

మూడుంబావుకు సూది పడింది.

ఇప్పుడు నాయన లుంగీ ముడి తనే వేసుకుంటున్నాడు. మోటారు మాత్రం తమ్ముడు వేస్తున్నాడు, సరిగా వేయడని రోజూ తిట్లు తింటూ.