కాంటర్‌బరీ నడకకి సుద్దకొండ అడుగు దారే మేలు

ఇంగ్లండ్‌లో విన్చెస్టర్ నుంచి కాంటర్‌బరీకి కాలినడకన సుమారు 120 మైళ్ళు. రోజుకి 12 మైళ్ళు చొప్పున నడిస్తే పది రోజులు పడుతుంది. 1170 డిసెంబర్ 29న ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ని కాంటర్‌బరీలో ఆయన కెథీడ్రల్‌లోనే నరికి చంపారు. 1173లో సెయింట్‌గా ప్రకటించారు. 1538లో ఎనిమిదో హెన్రీ ఆ సమాధిని పగలగొట్టించేదాకా జనం దర్శనానికి వస్తూనే ఉన్నారు.

మ్యాపులో ‘పిల్‌గ్రిమ్స్ వే’ (యాత్రికుల దారి) అని ఉన్న చోటల్లా ఆ యాత్రికులు నడిచారని మాత్రం నమ్మకండి. ఆ పేరు మ్యాపుల్లో అంత గట్టిగా స్థిరపడింది 19వ శతాబ్దంలో, బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే చేతుల మీదుగా. లండన్ నుంచి వచ్చినవాళ్ళు అసలు రోచెస్టర్ మీదుగా వెళ్ళేవారు. అదిప్పుడు లారీలు పరిగెత్తే పెద్ద రోడ్డు, నడవడానికి పనికిరాదు.

కాంటర్‌బరీ ఉన్న కెంట్ కౌంటీలో నార్త్ డౌన్స్ అనే కొండల వరస అంతా సుద్దకొండ. పైన చెకుముకి రాళ్ళు కలిసిన బంకమట్టి, కింద పొలాల్లో ఇంకా బరువైన బంకమట్టి. మధ్యలో, వాలు అడుగున ఉన్న సుద్దనేలలో వాన నీరు త్వరగా ఇంకిపోతుంది కాబట్టి దారి అక్కడే పడింది. సుద్దలో ఇంకిన నీరు బంకమట్టి తగిలేచోట ఊటగా బయటికొస్తుంది, అందుకే ఆట్‌ఫర్డ్, రూటమ్, హోలింగ్‌బోర్న్, చారింగ్ లాంటి ఊళ్ళు ఆ వరసలోనే ఉన్నాయి. తిండి, గది దొరికేది కూడా అక్కడే. ఓక్ చెట్టు కాయ గుర్తు ఉన్న ‘నార్త్ డౌన్స్ వే’ అనే నడకదారి మాటిమాటికీ కొండపైకి ఎక్కిస్తుంది. పైన నీళ్ళుండవు, రెండు లీటర్లు మోసుకెళ్ళాల్సిందే. వాన పడిన మర్నాడైతే అడుగు దారే మంచిది.

దానికీ ఒక లోటుంది. చాలా దూరం తారు రోడ్డే, పక్కన ఫుట్‌పాత్ ఉండదు. కుడివైపున, ఎదురొచ్చే కార్లు కనపడేలా నడవాలి. కుడికి తిరిగే గుడ్డి మలుపు వస్తే ముందే ఎడమకి దాటేయాలి. హోలింగ్‌బోర్న్ దాటాక చారింగ్ దాకా ఎక్కువ భాగం మట్టిదారే. ఈ యాత్రలో అన్నిటికంటే హాయిగా నడిచే చోటు అదే.

చాలామంది లెక్క తప్పేది మెడ్వే నది దగ్గర. పాత రేవుల్లో ఇప్పుడు పడవ లేదు. ఉత్తరాన రోచెస్టర్ దగ్గరి మోటర్‌వే వంతెన, దక్షిణాన ఏల్స్‌ఫర్డ్ పాత రాతి వంతెన, మధ్యలో హాలింగ్ దగ్గర 2016లో తెరిచిన పీటర్స్ వంతెన ఉన్నాయి. ఏది పట్టుకున్నా కొంత చుట్టూ తిరగాలి కాబట్టి ఆ రోజు మైళ్ళు తగ్గించి పెట్టుకోండి.

తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది. ఆ పేస్టు బూటు అడుగున ఉన్న గాళ్ళలో నిండిపోతే పట్టు తప్పుతుంది, ప్రతి గేటు దగ్గరా పుల్లతో గీకేయాలి. మడమ వెచ్చబడుతోందని అనిపించిన క్షణమే ఆగి టేప్ వేయాలి. ఇంకో మైలు చూద్దామనుకుంటే అది బొబ్బవుతుంది.

చివర్లో హార్బుల్‌డౌన్ దిగి సెయింట్ డన్‌స్టన్ చర్చి మీదుగా ఊళ్ళోకి వెళ్ళండి. 1174లో రెండో హెన్రీ రాజు బెకెట్ హత్యకి ప్రాయశ్చిత్తంగా అక్కణ్ణించే చెప్పులు లేకుండా నడిచాడు. కెథీడ్రల్‌కి సాయంత్రం ప్రార్థన వేళకి చేరితే టికెట్ అక్కర్లేదు, కానీ అప్పుడు లోపలంతా తిరిగి చూడనివ్వరు. ఒకప్పుడు సమాధి ఉన్నచోట వెలిగే ఒక్క కొవ్వొత్తిని దగ్గర్నుంచి చూడాలంటే మర్నాడు పొద్దున్నే టికెట్ తీసుకుని వెళ్ళండి.