పెంకులు పగలగొడతారా మేడమ్?

కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో కరాటే ప్రదర్శన ఇద్దామనుకున్నప్పుడు మా మాస్టారు పని పంచేశారు. "కాగితాలు నువ్వు చూసుకోమ్మా, పిలకాయల్ని నేను చూసుకుంటా." రెంటిలో తేలికైనది ఆయనే తీసుకున్నారు.

నేను చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే షోటోకాన్ అనే కరాటే పద్ధతి నేర్చుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు క్లాసులో చిన్నపిల్లలకు నేర్పిస్తుంటాను. ఆ స్కూల్ పీడీ సార్ మాస్టారికి పాత స్నేహితుడు. ఆడపిల్లలు సాయంత్రం షేర్ ఆటోల్లో చుట్టుపక్కల ఊళ్లకు పోతుంటారు, వాళ్లకు పనికొచ్చేది ఏదైనా చూపించండి అని ఆయనే అడిగాడు.

హెచ్చెమ్ మేడమ్ కాదనలేదు, ఔననీ అనలేదు. బయటివాళ్లు బడిలోకి వచ్చి పిల్లల చెయ్యి పట్టుకుని చూపించే పని కాబట్టి, మండల విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక కాగితం ఉంటే తనకు ధైర్యం అన్నారు. న్యాయమైన మాటే. ఆఫీసులో మాత్రం "రిజిస్ట్రేషన్ ఏదీ?" అన్నారు. అది పట్టుకెళ్తే లెటర్‌హెడ్ మీద రాయమన్నారు. రాసి తీసుకెళ్లేసరికి సారు మీటింగుకని నెల్లూరు పోయారు. ఇదంతా మీకు తెలిసిన కథే.

ఎవరికైనా పనికొస్తుందని ఒక్క సంగతి చెప్తాను. దరఖాస్తులో "కరాటే ప్రదర్శనకు అనుమతి" అని రెండు లైన్లు రాస్తే అది బల్ల మీదే ఉంటుంది. ఎంతమంది వస్తాం, ఎంతసేపు, ఏ తరగతులకు, ఆడపిల్లలకు చూపించేది ఆడమనిషే, ఎవరికైనా దెబ్బ తగిలితే ఫస్ట్ ఎయిడ్ ఎవరు చూస్తారు అన్నీ రాశాను. కింద, డబ్బు అడగం, ఫీజుల కరపత్రాలు పంచం అని కూడా రాశాను. ఆ చివరి ముక్క చదివాకే సంతకం పడింది. ఉచిత ప్రదర్శన అని వచ్చి అడ్మిషన్ ఫారాలు పంచేవాళ్లను వాళ్లు చాలామందినే చూసి ఉంటారు.

సమగ్ర శిక్ష కింద ఆడపిల్లల ఆత్మరక్షణకు డబ్బులొస్తాయి కదా, మళ్లీ మీరెందుకు అని అక్కడే ఒకాయన అడిగాడు. పథకం ఉన్నమాట నిజం. 3 నెలల శిక్షణకు నెలకు 5,000 రూపాయల చొప్పున బడికి ఇస్తారు. మేం ఇచ్చేది గంటసేపు ప్రదర్శన. గంటలో ఎవరికీ ఏ విద్యా రాదు. రేపు బడిలో ఆ శిక్షణ పెట్టినప్పుడు పేరివ్వడానికి పిల్లలు జంకకుండా ఉంటే చాలన్నాను.

అసలు బేరం పేరెంట్స్ కమిటీ చైర్మన్ గారితో జరిగింది. "పెంకులు పగలగొడతారా మేడమ్? ఆ మధ్య ఏడనో పొట్ట మీద బైకు పోనిచ్చినారు. ట్యూబులైట్లు గూడా పగలగొట్టినారే! అట్టాంటివి లేకపోతే ఏం చూస్తారు జనం?" అన్నాడాయన. ఉత్సాహంగానే అన్నాడు, తప్పు పట్టలేం. మన వైపు కరాటే అంటే చాలామంది చూసింది అదే. కానీ బైకు చక్రం కింద పడుకోవడం కరాటేలో పాఠం కాదు. ట్యూబులైటు పగిలితే గాజు పెంకులే కాదు, లోపలి పాదరసం కూడా బయటికొస్తుంది. పిల్లల మధ్య ఆ పని చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చివరికి మాస్టారు రాజీ కుదిర్చారు. బెంగుళూరు పెంకులు మాత్రమే, అదీ ఆఖర్న, ఆయన ఒక్కరే పగలగొట్టేట్టు.

సోషల్ సార్‌కి ఇంకో అనుమానం. బడిలో కొట్లాట నేర్పిస్తే మగపిల్లలు రేపట్నుంచీ ఒకరి మీద ఒకరు ప్రయోగించరా అని. మాస్టారు తీరిగ్గా కూర్చుని చెప్పారు. కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో అది బడి గుమ్మం తొక్కింది 1901లోనే. ఇతోసు అంకో అనే పెద్దాయన దాన్ని బడిపిల్లల వ్యాయామంగా మార్చి, వాళ్ల కోసం పినాన్ అనే తేలికపాటి కటాలు కూర్చాడు. కటా అంటే ఎదుట మనిషి లేకుండా ఒక వరసలో చేసే దెబ్బలు, అడ్డుకోవడాలు. మా షోటోకాన్‌లో వాటినే హెయాన్ అంటాం. ఆయన శిష్యుడు ఫునకోషి కూడా బడిపంతులే. 1922లో టోక్యోలో విద్యాశాఖ పెట్టిన వ్యాయామ ప్రదర్శనలో ఆయన కరాటే చూపించాకే మిగతా జపాన్‌కు దీని సంగతి బాగా తెలిసింది. "అంటే మీ కులవృత్తే అన్నమాట సార్" అని మాస్టారు అనేసరికి సోషల్ సార్ నవ్వేశాడు.

నవంబర్ 14, బాలల దినోత్సవం అనుకున్నాం. నవంబర్లో నెల్లూరు జిల్లాలో గ్రౌండును నమ్ముకున్నవాడు ఎవడైనా ఉన్నాడా? ముందురోజు రాత్రంతా వాన. గ్రౌండు చెరువైంది. వరండాలోకి మారాం. కటాకి ముందుకీ పక్కలకీ చోటు కావాలి, అక్కడేమో ఎటు తిరిగినా స్తంభమే. మా పిల్లలు ఒక్కొక్కరుగా చేసి ముగించారు. దెబ్బతో పాటు వేసే కేకను కియాయ్ అంటాం, అలా అరిచిన ప్రతిసారీ ఆరో తరగతి వరసంతా పకపకా నవ్వింది.

తర్వాత నా వంతు. మణికట్టు పట్టుకుంటే విడిపించుకోవడం. ఎదుటివాడు ఎంత బలంగా పట్టుకున్నా నాలుగు వేళ్లూ ఒకవైపు, బొటనవేలు ఒకవైపు ఉంటాయి. ఆ రెంటి కొసలూ కలిసే చోటే సందు. చెయ్యి వెనక్కి గుంజుకుంటే రాదు. మణికట్టును ఆ సందు వైపుకి తిప్పి, మోచెయ్యి వంచి, ఒళ్లంతా కదిపి ఒక్కసారిగా లాగాలి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి పీడీ సార్ చేతి నుంచి రెండో ప్రయత్నానికే జారిపోయింది. ఆ క్షణం నుంచి వరండా మా చేతుల్లో లేదు. అందరూ జంటలు జంటలుగా పట్టుకోవడం, విడిపించుకోవడం. మగపిల్లలు "మాకు నేర్పరా మిస్?" అంటే వాళ్లనీ కలిపేశాం.

ఒకమ్మాయి మాత్రం అంతా అయ్యాక పక్కకొచ్చి, "ఆటోలో పక్కనోడు చెయ్యేస్తే దీంతో పనవుతుందా అక్కా?" అని అడిగింది. ఇరుకు ఆటోలో చెయ్యి తిప్పే చోటే ఉండదు. అక్కడ ముందు పనిచేసేది నోరే. గట్టిగా, అందరికీ వినపడేట్టు "చెయ్యి తియ్" అనాలి, ఆటో ఆపించాలి, ఇంట్లోనో బడిలోనో ఆరోజే చెప్పాలి. పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, ఎవరికైనా 112 అని బోర్డు మీద రాయించాం. కియాయ్ నేర్పింది ఊరికే కాదని అప్పుడు అందరికీ చెప్పి, ఇంకోసారి అరిపించాం. ఈసారి ఆరో తరగతి నవ్వలేదు.

ఇక పెంకులు. మాస్టారు పగలగొట్టారు, చప్పట్లకు వరండా అదిరింది. వెంటనే ఆయన పెంకుల మధ్య పెట్టిన చిన్న చెక్కముక్కలు తీసి చూపించారు. ఇవి ఉంటే ఒక్కో పెంకు విడిగా పగులుతుంది, ఇవి తీసేసి అన్నీ అంటించి పెడితే నా చెయ్యే పోతుంది, కాబట్టి ఇంటికెళ్లి ఇటుకల మీద ప్రయత్నించకండి అన్నారు. చైర్మన్ గారి మొహం వాడిపోయింది. "గుట్టు ఇప్పేస్తిరే సార్!"

ఆ మాట ఊళ్లోకి పాకి, తర్వాత డ్వాక్రా సంఘం వాళ్లు రామాలయం దగ్గర పెట్టమన్నారు. ఈసారి కాగితాలేవీ లేవు, సంఘం లీడర్ ఒక్క ఫోన్‌తో అయిపోయింది. వాళ్లకు కటాలు అక్కర్లేదు. బస్టాండులో గొలుసు లాగితే ఏం చెయ్యాలన్నదే వాళ్ల ప్రశ్న. గొలుసు వదిలెయ్యమంటే ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

అక్కడే ఒక తాత, ఒకప్పుడు పీర్ల పండక్కి ఊరేగింపులో కర్రసాము చేసేవాడట, మా కర్ర చేతికి తీసుకుని నాలుగు తిప్పులు తిప్పాడు. మా కుర్రాళ్లు ఫోన్లు తీయడం కూడా మర్చిపోయారు. మార్చి 8 కార్యక్రమానికి మొదటి పేరు ఆయనదే రాసుకున్నాం. ఆటో ఛార్జీ ఇస్తే వస్తానన్నాడు. కర్ర మాత్రం తనదే తెచ్చుకుంటాడట, మావి మరీ తేలికట.